అమెరికా సంగీత చరిత్ర కోర్సు: అపేక్షలు, మూల్యాంకనం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో బోధించే అమెరికా సంగీత చరిత్ర కోర్సు విద్యార్థి నుంచి ఏమి ఆశిస్తుంది, ఆ ఆశించినదానికి మార్కులు ఎలా కేటాయిస్తుంది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం. శ్రవణ పరీక్ష, కచేరీ నివేదిక, తరగతి చర్చ అనే మూడు మూల్యాంకన రూపాలను ఆ చరిత్రలోని కృతుల ఆధారంగానే ఈ వ్యాసం పరీక్షిస్తుంది. మౌఖిక సంప్రదాయం నుంచి, ప్రదర్శన నుంచి పుట్టిన సంగీతానికి పాఠ్యాంశాల్లో చోటు దక్కినా, స్వరకర్త కేంద్రంగా ఏర్పడిన పరీక్షాపద్ధతి ఆ చోటును తిరిగి తీసేసుకుంటోందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అమెరికా సంగీత చరిత్ర, పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం, శ్రవణ పరీక్ష, మౌఖిక సంప్రదాయం, ప్రదర్శన.

1. ఉపోద్ఘాతం

అమెరికా కళాశాలల్లో సెమిస్టర్ మొదటి రోజునే అధ్యాపకుడు విద్యార్థులకు కోర్సు ప్రణాళికను అందజేస్తాడు. కోర్సు లక్ష్యాలు, వారాలవారీ పాఠ్యాంశాలు, హాజరు నియమాలు, రాయవలసిన పరీక్షలు, ఒక్కొక్కదానికి ఇచ్చే మార్కుల శాతం అందులో ఉంటాయి. దాన్ని అధ్యాపకునికీ విద్యార్థికీ మధ్య కుదిరిన ఒప్పందంగా భావించడం అక్కడి వాడుక.

ఈ ప్రణాళికలో రెండు పట్టికలు ప్రధానమైనవి. ఒకటి పాఠ్యాంశాల పట్టిక, రెండవది మార్కుల పట్టిక. విమర్శకుల దృష్టి ఎక్కువగా మొదటి పట్టిక మీదే నిలిచింది. చరిత్రలో ఎవరికి చోటిచ్చారు, ఎవరిని విడిచిపెట్టారు అన్న ప్రశ్న సహజంగానే ముందుకు వచ్చింది. రెండవ పట్టికను కార్యాలయ వ్యవహారంగా భావించి వదిలేయడం జరిగింది. విద్యార్థి మాత్రం మొదట చదివేది రెండవ పట్టికనే. దేనికి మార్కులున్నాయో దాన్నే అతడు జ్ఞానంగా స్వీకరిస్తాడు. కనుక మార్కుల పట్టికను కూడా చరిత్ర రచనలో ఒక భాగంగా చదవవలసి ఉంది.

2. చరిత్ర రచనలో వచ్చిన మార్పు

అమెరికా సంగీత చరిత్రను యూరప్ శాస్త్రీయ సంగీతానికి అనుకరణగా మాత్రమే చూసే ధోరణి నుంచి తప్పించిన గ్రంథాల్లో గిల్బర్ట్ చేజ్ 1955లో ప్రచురించిన 'అమెరికాస్ మ్యూజిక్' ముఖ్యమైనది. జానపద, జనప్రియ సంగీతాలకు ఆయన ప్రాధాన్యమిచ్చాడు. 1969లో విలీ హిచ్‌కాక్ ఆ సంగీతాన్ని రెండు సంప్రదాయాలుగా విభజించి చూపాడు. ఒకటి శిక్షణతో, ప్రయత్నపూర్వకంగా అలవరచుకునేది; రెండవది మాతృభాషలా వాడుకలో అబ్బేది. 1971లో ఐలీన్ సదర్న్ రచించిన 'ది మ్యూజిక్ ఆఫ్ బ్లాక్ అమెరికన్స్' నల్లజాతి సంగీతానికి స్వతంత్రమైన, ఆధారసహితమైన చరిత్రను సమకూర్చింది. 2001లో రిచర్డ్ క్రాఫర్డ్ వెలువరించిన 'అమెరికాస్ మ్యూజికల్ లైఫ్' కృతుల చరిత్రతోపాటు సంగీతంతో జీవించిన మనుషుల చరిత్రనూ చెప్పింది. స్వరకర్త రాసిన దానికి కట్టుబడే సంగీతానికీ, ప్రదర్శకుడు తన ఇచ్ఛానుసారం మార్చుకునే సంగీతానికీ మధ్య గల భేదం క్రాఫర్డ్ ఆలోచనలో కీలకమైనది.

ఈ భేదం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. త్యాగరాజ కృతి ఒకటే అయినా వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల పాఠాంతరాలు వేరువేరుగా ఉన్నాయి. నెరవులోనూ స్వరకల్పనలోనూ వినిపించేది గాయకుని మనోధర్మం. అక్కడ కర్త ఎవరన్న ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు పూర్తికాదు.

చేజ్ నుంచి క్రాఫర్డ్ వరకు జరిగిన ఈ విస్తరణ పాఠ్యాంశాల పట్టికలోకి చేరింది. మసాచుసెట్స్‌లో 1640లో అచ్చయిన 'బే సామ్ బుక్' మొదలుకొని హిప్ హాప్ వరకు నేటి కోర్సుల్లో చోటు దొరుకుతోంది. మరి మార్కుల పట్టికలో ఏ మార్పు వచ్చిందన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

3. కోర్సు స్వరూపం, అపేక్షలు

ఇటువంటి కోర్సు సాధారణంగా 3 క్రెడిట్లది. అమెరికా సమాఖ్య నిబంధనల నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాలపాటు వారానికి ఒక గంట తరగతి, తరగతి వెలుపల కనీసం రెండు గంటల పని. అంటే 3 క్రెడిట్ల కోర్సు విద్యార్థి నుంచి వారానికి 9 గంటలు ఆశిస్తోంది. వీరిలో చాలామంది సంగీతాన్ని ప్రధాన విషయంగా ఎంచుకున్నవారు కారు. ఇతర శాఖల విద్యార్థులు సాధారణ విద్యలో భాగంగా ఈ కోర్సు తీసుకుంటారు. కనుక స్వరలిపి చదవడం రావాలన్న నియమం తరచుగా ఉండదు.

చర్చ కోసం ఈ వ్యాసకర్త రూపొందించుకున్న ఒక నమూనా పట్టికను చూద్దాం. ఇది ఏ ఒక్క సంస్థదీ కాదు. హాజరు, చర్చలకు 10, శ్రవణ పరీక్షలకు 25, కచేరీ నివేదికలకు 15, మధ్యంతర పరీక్షకు 20, పరిశోధన వ్యాసానికి 15, చివరి పరీక్షకు 15 మార్కులు. మొత్తం 100. సాధారణంగా 90కి పైబడితే 'ఎ', 80కి పైబడితే 'బి', 70కి పైబడితే 'సి', 60కి పైబడితే 'డి', అంతకు తక్కువైతే అనుత్తీర్ణత.

మధ్యంతర, చివరి పరీక్షల్లో సగం ప్రశ్నలు కూడా పేరు, కర్త, సంవత్సరం గుర్తించేవే అనుకుంటే ఆ ఒక్క నైపుణ్యానికి 25తో పాటు మరో 17.5 మార్కులు చేరతాయి. అంటే 100లో 42.5. ఆ నైపుణ్యం లోపించిన విద్యార్థి మిగిలిన అన్నింటిలో పూర్తి మార్కులు తెచ్చుకున్నా 57.5 దగ్గరే ఆగిపోతాడు, అనుత్తీర్ణుడవుతాడు. ఇంత బరువు మోస్తున్న ప్రశ్న ఎటువంటిదో పరిశీలించవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతోంది.

4. శ్రవణ పరీక్ష: కర్త ఎవరు? కాలం ఏది?

గ్రామఫోన్ రికార్డు మీద ఎక్కడో ఒకచోట సూది దించి, వినిపించిన ముక్క ఏ కృతిలోదో చెప్పమనడం అమెరికా సంగీత శాఖల్లో పాతకాలం నుంచీ ఉన్న పరీక్ష. సూది పోయి డిజిటల్ ధ్వని వచ్చినా ప్రశ్న మారలేదు. కృతి పేరు, స్వరకర్త, సంవత్సరం, ప్రక్రియ అనే నాలుగు గడులను విద్యార్థి నింపాలి. ఒక్కరే కూర్చొని రాసి, సంతకం చేసి, అచ్చువేసిన సింఫనీకి ఈ నాలుగు గడులు సరిపోతాయి. అమెరికా సంగీతంలోని ప్రధాన ఘట్టాలకు సరిపోతాయా అన్నది సందేహం.

'వెస్ట్ ఎండ్ బ్లూస్'ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దీని స్వరకర్త జో 'కింగ్' ఆలివర్. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్‌లో షికాగోలో దీన్ని రికార్డు చేశాడు. ఆ రికార్డు ఆరంభంలో తోడు వాద్యాలేవీ లేకుండా ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌పై వాయించిన ఘట్టం జాజ్ చరిత్రలో మైలురాయిగా పేరొందింది. అది ఆలివర్ స్వరకల్పనలో లేదు. పరీక్షలో సూది సరిగ్గా ఆ ఆరంభం మీదే దిగిందనుకుందాం. 'స్వరకర్త: ఆలివర్' అని రాసినవారికి మార్కు వస్తుంది. తాను వింటున్న స్వరాల కర్త ఆర్మ్‌స్ట్రాంగ్ అని విని గుర్తించినవారికి అది రాదు. పాఠంలో మనోధర్మం గురించి గంటసేపు చెప్పిన కోర్సే పరీక్షలో దాన్ని తప్పుగా దిద్దుతోంది.

జార్జ్ గెర్ష్విన్ 'రాప్సొడీ ఇన్ బ్లూ' కచేరీ సంగీతం వైపు నుంచి వచ్చిన ఉదాహరణ. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఇయోలియన్ హాల్‌లో పాల్ వైట్‌మన్ బృందం దీన్ని తొలిసారి వినిపించింది. వాద్యబృందానికి అనుగుణంగా దీన్ని విస్తరించి రాసినవాడు ఫెర్డీ గ్రోఫే. ఆరంభంలో క్లారినెట్ కింది నుంచి పైకి జారుతూ వెళ్లే ప్రసిద్ధ ధ్వనిని గెర్ష్విన్ విడివిడి స్వరాల పరుగుగా రాశాడు. రిహార్సల్‌లో రాస్ గోర్మన్ దాన్ని జారుగా వాయించగా గెర్ష్విన్ అలాగే ఉంచమన్నాడు. కృతికి గుర్తుగా మారిన ఆ ధ్వని వాయిద్యకారుని చలవ. ఒకే గడిలో ముగ్గురి పేర్లు ఎలా పడతాయి?

స్పిరిచువల్స్ అనే నల్లజాతి భక్తిగీతాల విషయంలో ఈ చిక్కు ఇంకా లోతైనది. విలియం ఫ్రాన్సిస్ అలెన్, చార్లెస్ పికార్డ్ వేర్, లూసీ మెకిమ్ గారిసన్ 1867లో 136 గీతాలతో 'స్లేవ్ సాంగ్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్' సంకలనాన్ని ప్రచురించారు. ఆ గానంలోని జారుడునూ, గొంతులు ఒకదానితో ఒకటి అల్లుకునే తీరునూ స్వరలిపి పట్టుకోలేదని సంకలనకర్తలే తమ పీఠికలో ఒప్పుకున్నారు. 1871లో ఫిస్క్ జూబిలీ గాయకబృందం తమ విద్యాసంస్థకు నిధులు కూడగట్టడానికి పర్యటనకు బయలుదేరి, ఇవే గీతాలను యూరప్ పద్ధతి స్వరమేళనంతో వేదిక మీద పాడింది. తర్వాతి తరంలో హారీ బర్లీ వీటిని పియానో సహకారంతో ఏకగాత్ర గీతాలుగా మలిచాడు. బానిసత్వంలో మగ్గినవారు కలసి పాడుకున్నది, 1867లో అచ్చయినది, ఫిస్క్ బృందం పాడినది, బర్లీ రాసినది ఒకే గీతం పేరుతో చలామణి అవుతాయి. 'సంవత్సరం' గడిలో విద్యార్థి ఏది రాయాలి? 'కర్త: అజ్ఞాతం' అని రాయించడం ఇక్కడ నిర్దోషమైన పరిష్కారం కాదు. పేరును నమోదు చేయనీయని వ్యవస్థ చేసిన పనిని అది ఆ గీతపు లక్షణంగా మార్చేస్తుంది.

రికార్డు తేదీలకూ ఇదే పరిమితి ఉంది. మేమీ స్మిత్ 'క్రేజీ బ్లూస్' రికార్డు 1920 నాటిది. నల్లజాతి గాయని పాడిన బ్లూస్ రికార్డుగా అది మార్కెట్‌కు కొత్త దారి తెరిచింది. అంతమాత్రాన బ్లూస్ పుట్టుక 1920 కాదు. సరైన సంవత్సరం రాసిన విద్యార్థికి తాను రాసినది సంగీతం వయసు కాదని, కంపెనీ అమ్మకం మొదలుపెట్టిన కాలమని తెలిసిందో లేదో ఆ గడి చెప్పలేదు.

5. కచేరీ నివేదిక: శ్రోత లేని సంగీతం

ప్రత్యక్షంగా ఒక కచేరీకి వెళ్లి నివేదిక రాయడం ఈ కోర్సుల్లో మరొక సాధారణ నియమం. ప్రదర్శకులు, కార్యక్రమంలోని అంశాలు, శ్రోతల స్పందన, విద్యార్థి అభిప్రాయం అందులో ఉండాలి. టికెట్టునో కార్యక్రమ పత్రాన్నో రుజువుగా జతచేయమంటారు. రికార్డులకే పరిమితమైన విద్యార్థిని సజీవ సంగీతం దగ్గరకు పంపడం మంచి ఉద్దేశమే. ఆ నివేదిక నమూనాలో ఇమడని సంగీతం ఏమవుతుందన్నదే ప్రశ్న.

1844లో జార్జియాకు చెందిన బెంజమిన్ వైట్, ఎలైషా కింగ్ 'ది సేక్రెడ్ హార్ప్' అనే భక్తిగీతాల పుస్తకాన్ని వెలువరించారు. స్వరలిపి చదవలేనివారి కోసం ఫా, సోల్, లా, మి అనే నాలుగు అక్షరాలకు నాలుగు ఆకారాలు నిర్ణయించిన పద్ధతి అందులో ఉంది. నేటికీ సజీవంగా ఉన్న ఈ సంప్రదాయంలో గాయకులు నాలుగు వైపులా ఒకరికొకరు ఎదురుగా చతురస్రంగా కూర్చుంటారు. నడుమ ఖాళీ స్థలంలోకి ఒక్కొక్కరే వంతులవారీగా వచ్చి గీతాన్ని నడిపిస్తారు. మొదట స్వరాల పేర్లు, తర్వాత సాహిత్యం పాడతారు. అక్కడికి వచ్చినవారు పాడటానికే వస్తారు. అక్కడ వేదిక లేదు, టికెట్టు లేదు, శ్రోతలనే వేరొక వర్గమూ లేదు.

ఈ సమావేశానికి వెళ్లిన విద్యార్థి 'శ్రోతల స్పందన' అనే శీర్షిక కింద ఏమి రాస్తాడు? నమూనాను అనుసరిస్తే అబద్ధం రాయాలి, నిజం రాస్తే ఆ భాగానికి మార్కులు కోల్పోవాలి. ఇటువంటి సమావేశాన్ని కచేరీగా లెక్కించం అని నియమం పెడితే, మూడో వారంలో చెప్పిన పాఠాన్ని పదో వారంలో కోర్సే రద్దు చేసుకున్నట్లవుతుంది. దీనికి తోడు సాయంత్రాలు ఉద్యోగం చేసుకునే విద్యార్థి ఉన్నాడు. ఆదివారం తన చర్చిలో గోస్పెల్ బృందంలో పాడే అతనికి ఆ అనుభవం 'మత కార్యక్రమం' కనుక లెక్కలోకి రాదని చెప్పి, టికెట్టు కొని సింఫనీకి వెళ్లమంటే, ఏది అధ్యయనానికి తగినదో కోర్సు మాటల్లో చెప్పకుండానే చెప్పినట్లయింది.

6. తరగతి చర్చ: మౌనానికి మార్కులు

చర్చలో పాల్గొనడానికి ఇచ్చే 10 మార్కులు స్వల్పంగా కనిపిస్తాయి. మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల పాఠం దగ్గర వాటి బరువు తెలుస్తుంది. తెల్లవారు ముఖాలకు నల్లరంగు పూసుకొని నల్లజాతివారిని హేళన చేస్తూ ఆడిన ఈ ప్రదర్శనలు 19వ శతాబ్దపు అమెరికాలో అత్యంత జనాదరణ పొందినవి. స్టీఫెన్ ఫాస్టర్ 1851లో రాసిన 'ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్' ఈ వేదికల కోసం పుట్టినదే. అచ్చుప్రతి మీద కర్తగా ప్రదర్శనకారుడు క్రిస్టీ పేరు వేశారు. 1935లో ఫ్లోరిడా దీన్ని రాష్ట్రగీతంగా స్వీకరించింది. 2008లో సాహిత్యంలోని అభ్యంతరకర పదాలను మార్చింది. ఈ చరిత్రను దాటవేసి అమెరికా సంగీతాన్ని బోధించడం సాధ్యం కాదు.

ఆ రోజు తరగతిలో కూర్చున్న నల్లజాతి విద్యార్థి నుంచి కోర్సు ఏమి ఆశిస్తోంది? మాట్లాడితేనే మార్కు అన్న నియమం అతణ్ని ఒక జాతి మొత్తానికి సాక్షిగా నిలబెట్టే ప్రమాదం ఉంది. మౌనంగా ఉంటే పాల్గొనలేదని లెక్క. ఎన్నిసార్లు మాట్లాడాడన్నది కొలవడం తేలిక, శ్రద్ధగా వినడాన్ని కొలవడం కష్టం. సంగీతం గురించిన కోర్సులోనే వినడానికి విలువ లేకపోవడం ఆలోచించదగిన విషయం. చర్చకు ముందో తర్వాతో రాసి ఇచ్చే చిన్న స్పందనను కూడా పాల్గొనడంగా లెక్కిస్తే ఈ ఒత్తిడి కొంత తగ్గుతుంది.

7. ప్రమాణమా, నమూనా?

పై ఉదాహరణలకు వచ్చే సహజమైన అభ్యంతరం ప్రమాణాల గురించినది. అందరికీ తగినట్లు మార్చుకుంటూ పోతే ప్రమాణం ఏమవుతుందన్నది ఆ అభ్యంతరం. దీనికి అమెరికా సంగీత చరిత్రలోనే ఒక ఘట్టం జవాబిస్తుంది.

సంగీతానికి పులిట్జర్ బహుమతి 1943లో మొదలైంది. 1965లో ఏ ఒక్క కృతికీ కాక, డ్యూక్ ఎలింగ్టన్ జీవితకాల కృషికి ప్రత్యేక గౌరవం ఇవ్వాలని న్యాయనిర్ణేతలు సిఫారసు చేశారు. బోర్డు దాన్ని తిరస్కరించింది. ఆ ఏడాది సంగీతానికి బహుమతే ఇవ్వలేదు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు రాజీనామా చేశారు. ఎలింగ్టన్ 1974లో మరణించాడు. జాజ్ కృతికి తొలిసారి ఈ బహుమతి 1997లో వింటన్ మార్సలిస్ 'బ్లడ్ ఆన్ ది ఫీల్డ్స్'కు దక్కింది. ఎలింగ్టన్ శతజయంతి సంవత్సరమైన 1999లో ఆయనకు మరణానంతరం ప్రత్యేక గౌరవం లభించింది. 2004లో నియమాలు సవరించి, లిఖిత స్వరప్రతి లేకపోయినా ధ్వనిముద్రణను పరిశీలనకు స్వీకరించే వీలు కల్పించారు. 2018లో కెండ్రిక్ లమార్ 'డామ్' ఆల్బమ్‌కు బహుమతి వచ్చింది.

తన బృందంలోని ఒక్కొక్క వాయిద్యకారుని ధ్వనిని మనసులో ఉంచుకొని రాసిన ఎలింగ్టన్ సంగీతం ఏడాదికొక విడి కృతిని తూచే త్రాసులో పట్టలేదు. తరువాత మారినది శ్రేష్ఠత పట్ల పట్టుదల కాదు, శ్రేష్ఠతను గుర్తించడానికి అడిగే ఆధారం. ప్రమాణాన్ని సడలించడం వేరు, కొలిచే నమూనాను సరిచేయడం వేరు. మార్కుల పట్టికకూ ఈ భేదమే వర్తిస్తుంది.

8. ప్రత్యామ్నాయం - పరిమితులు

గుర్తింపు ప్రశ్నలకు అనుకూలమైన వాదాలు బలమైనవే. అవి నిష్పాక్షికంగా కనిపిస్తాయి. వందమంది ఉన్న తరగతిలో త్వరగా దిద్దవచ్చు. పేర్లు, తేదీలు తెలియకుండా చరిత్ర నిలబడదు. వివరణాత్మక ప్రశ్నల్లో సంగీతం బాగా విన్నవారికంటే ఇంగ్లిషు బాగా రాసేవారికి లాభం కలగవచ్చు. ఈ చివరి అభ్యంతరం వలస కుటుంబాల విద్యార్థుల దృష్ట్యా మరింత ముఖ్యమైనది.

కనుక గుర్తింపు ప్రశ్నను తొలగించడం కంటే దాన్ని విడమరచడం మేలు. 'సంవత్సరం' అన్న గడిని 'ఈ సంవత్సరం దేనిది?' అని మార్చవచ్చు. అది రచనదా, అచ్చుదా, రికార్డుదా అని విద్యార్థి పేర్కొంటాడు. 'స్వరకర్త' అన్న గడిని 'వినిపిస్తున్న దానికి ఎవరెవరు బాధ్యులు?' అని మార్చవచ్చు. ఒక శ్రవణ ప్రశ్నకు 10 మార్కులైతే చెవితో పట్టుకున్న ఆధారానికి 4, చారిత్రక సందర్భానికి 3, ఆ మూలాధారం పరిమితిని గుర్తించినందుకు 3 కేటాయించవచ్చు. భాషాదోషాలకు మార్కులు తగ్గించబోమని ముందే ప్రకటించవచ్చు. ఇవన్నీ రెండు మూడు వాక్యాల్లో రాయదగిన జవాబులే.

మూలాధారం పరిమితి అన్నది అదనపు అలంకారం కాదు. ఫ్లోరెన్స్ ప్రైస్ మొదటి సింఫనీని షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా 1933లో వినిపించింది. అయినా ఆమె రాతప్రతుల్లో గణనీయమైన భాగం 2009లో ఇల్లినాయిలోని ఒక పాడుబడిన ఇంట్లో బయటపడేవరకు వెలుగులోకి రాలేదు. చరిత్ర ఏ ఆధారాల మీద నిలబడి మాట్లాడుతోందో అడగడం నేర్చుకున్న విద్యార్థికి ఇటువంటి వార్త ఆశ్చర్యం కలిగించవచ్చు కాని, అయోమయంలో పడేయదు.

ఈ చర్చలో తెలుగుకు ఒక ప్రత్యక్ష సంబంధం ఉంది. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతున్నాయి. పంచరత్న కృతుల్లో నాలుగు తెలుగువి. గోష్ఠిగానంలో విద్వాంసులూ విద్యార్థులూ కలసి పాడతారు. అమెరికాలో పుట్టి పెరిగి, అక్కడి గోష్ఠిలో తెలుగు కృతి పాడే ఒక విద్యార్థి దాన్నే కచేరీ నివేదికగా సమర్పిస్తే అది అమెరికా సంగీత చరిత్ర అవుతుందా? ప్రక్రియ, కర్త, కాలం గడుల ప్రకారం కాదు. ఎవరు, ఎక్కడ, ఎవరితో కలసి, ఎందుకు పాడుతున్నారు అన్న ప్రశ్నల ప్రకారం అవుననే చెప్పవలసి ఉంటుంది. సేక్రెడ్ హార్ప్ చతురస్రానికి పనికివచ్చే ప్రశ్నలే ఈ గోష్ఠికీ పనికివస్తాయి.

9. ముగింపు

అమెరికా సంగీత చరిత్ర కోర్సులో పాఠ్యాంశాల పట్టిక అరవై ఏళ్లకు పైగా విస్తరిస్తూ వచ్చింది. పై పరిశీలనను బట్టి, పేరు-కర్త-సంవత్సరం అడిగే శ్రవణ పరీక్ష, వేదికనూ శ్రోతనూ ముందే ఊహించుకునే కచేరీ నివేదిక, మాటనే లెక్కించే చర్చ ఆ విస్తరణకు తగినట్లు మారవలసి ఉందని స్పష్టమవుతోంది. ఇక్కడ విద్యార్థి గ్రేడు మాత్రమే కాదు, ఆ సంగీతాన్ని సృష్టించినవారి కర్తృత్వం కూడా మూల్యాంకనానికి లోనవుతోంది.

తెలుగు శాఖల్లో బోధించేవారికి కూడా ఈ పరిశీలన ఉపకరిస్తుంది. జానపద గేయాన్ని ప్రత్యేక పత్రంగా పాఠ్యప్రణాళికలో చేర్చుకున్నాం. దాన్ని పాడి వినిపించిన విద్యార్థికి, అవ్వ దగ్గర విని పాఠాంతరం రాసుకొచ్చిన విద్యార్థికి మన ప్రశ్నపత్రంలో ఎన్ని మార్కులున్నాయో ఒకసారి లెక్కచూసుకోవలసి ఉంది.